నోరు దాటేసిన పేరు

ముసలి లాన్‌ఫియా నోట్లోంచి ఒక మనిషి మాయమైపోయాడని అందరికంటే ముందు పసిగట్టింది ఆయన కూతురు సాయోన్.

సోమవారం పొద్దున పందిరి కింద ఊరంతా కూర్చుని ఉంది. లాన్‌ఫియా కొండేల వంశం చెబుతున్నాడు. ఆయనది వంశాలు కంఠస్థం చేసి చెప్పే జేలీల ఇల్లు. కొండేల తాతముత్తాతలు ఆ ఇంటివాళ్ల నోట్లోనే బతుకుతారు, ఇంకెక్కడా కాదు. ఒక్కో పేరు పడగానే ఎదురు చాప మీద కూర్చున్న కొడుకు బాంజాన్ "నాము" అని ఊ కొడుతున్నాడు. పేరు, నాము. పేరు, నాము. రోకలి పోటులా సాగిపోతోంది.

"ఊరు కట్టినవాడు సొంకలీ కొండే. అతని పెద్దకొడుకు సోనా మమాదీ."

"నాము."

"రెండోవాడు కనిబా సోరీ."

"నాము."

"మూడోవాడు సరతా ఫోదే. ఈ ముగ్గురి బిడ్డలే ఈ వరిమడికి సొంతదారులు."

"నాము" అన్నాడు బాంజాన్. గొంతు తొణకలేదు.

సాయోన్ తాళం వేస్తున్న ఇనుపగొట్టం మీద పుల్ల ఆగిపోయింది. ముగ్గురేమిటి? నలుగురు. నలుగురు తల్లులకు నలుగురు కొడుకులు. మాన్యాన్ కడుపున పుట్టిన బ్రేమా ఏడీ? పెళ్లిళ్లలో, పిల్లల పేర్లు పెట్టే రోజుల్లో ఆమె ఆ పేరు పాటలో కలిపి ఎన్నిసార్లు పాడిందో!

పందిరి వెనక వరసలోంచి మోరిబా కొండే లేచాడు. బ్రేమా సంతానం అతనిది. పొలంనుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, పిక్కల మీద బురద ఇంకా ఆరలేదు.

"మరి మేమెవరం పెద్దాయనా? ఆకాశంలోంచి రాలామా?"

ముందు వరసలో కూర్చున్న కరామో కొండే తల తిప్పలేదు. సోనా మమాదీ ఇంటి పెద్ద ఆయన. తాపీగా కోలా గింజ కొరికి, సగం పక్కవాడికిచ్చాడు.

"రాలారో, పాకుతూ వచ్చారో, జేలీని అడుగు. నా తాతల్ని నేనే పొగుడుకునేంత సిగ్గుమాలినవాణ్ని కాను నేను. చెప్పాల్సినవాడు చెప్పాడు. మనం విన్నాం."

అంతే. జేలీ మాటను కొండే కాదనకూడదు. తప్పంటూ జరిగితే జేలీయే దిద్దుకోవాలి. దానికి ఒకటే గడువు: శుక్రవారం నమాజు తర్వాత మళ్లీ పందిరి. ఆ మర్నాడు సర్కారు మనుషులు వచ్చి, కొత్త కాలవ కింది మడికి హద్దురాళ్లు పాతుతారు. సొంకలీ కొడుకుల ఇళ్లకే రాళ్లు. మిగతావాళ్లంతా వలసవచ్చినవాళ్ల కింద లెక్క. దున్నుకోవాలన్నా, చచ్చాక పూడ్చుకోవాలన్నా ఎవరో ఒకరి గడపలో నిలబడి అడుక్కోవాల్సిందే.

ఇంటికి రాగానే సాయోన్ తండ్రి ముందు వేరుశనగ పులుసు పోసిన అన్నం పెట్టింది. పోయిన వానల్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడికాలు ఇంకా ఈడుస్తాడు. మాట మాత్రం పూర్తిగా తిరిగొచ్చింది. తిరిగొచ్చిందనే అందరూ అనుకున్నారు.

"నాన్నా, సొంకలీకి కొడుకులు ఎందరు?"

"ఇందాక చెప్పాగా. చెవుల్లో దూది కుక్కుకున్నావా?"

"మాన్యాన్ బ్రేమా?"

ముసలాయన నమలడం ఆపాడు. ఎడమచేత్తో గడ్డం మీద పడ్డ మెతుకు తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఎవరే అతను? ఏ ఊరివాడు?"

ఆటపట్టించడం లేదు. ఆ కళ్లు ఆమెకు తెలుసు. పేరు నిజంగానే అక్కడ లేదు.

* * *

మర్నాడు మోరిబా మోటారుసైకిల్ తెచ్చాడు. మధ్యలో ముసలాయన్ని కూర్చోబెట్టి, వెనక సాయోన్ పట్టుకుని, ఎర్రదుమ్ములో పట్నం ఆస్పత్రికి పోయారు. అక్కడి డాక్టరు ట్రావొరే. వానల్లో లాన్‌ఫియాను బతికించింది ఆయనే.

"పేషెంటు వెంట వచ్చినవాళ్ల పేరు?"

"మోరిబా కొండే."

డాక్టరు కలం కింద పడేశాడు. ట్రావొరేలకూ కొండేలకూ తాతలనాటి వేళాకోళపు వరస, ఎదురుపడితే తిట్టుకోవాల్సిందే. "కొండేనా! బొబ్బర్లు తినేవాళ్లను గేటు దగ్గరే ఆపమని ఎన్నిసార్లు చెప్పాను? గది గదంతా కంపు కొడుతుంది!"

"ఎవరురా మాట్లాడేది? మా పెరట్లో బొబ్బర్లు దొంగిలించి, గోడ దూకుతూ కాలు విరగ్గొట్టుకున్నవాడి మనవడివి నువ్వు. ఆ కాలుకి కట్టు కట్టడం నేర్చుకునే డాక్టరువయ్యావు!"

"విన్నారా? నా ఆస్పత్రిలో నన్నే! కొండేలంటే మాకు పుట్టు బానిసలమ్మా."

నిన్నటినుంచి మోరిబా నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు సగంలోనే వాడిపోయింది.

"తిట్టుకో డాక్టరూ. శుక్రవారం దాటితే నేను కొండేని అవునో కాదో. నన్ను తిట్టే హక్కు నీకూ ఉండదు, నిన్ను తిట్టే హక్కు నాకూ ఉండదు."

సంగతి విన్నాక డాక్టరు మొహంలో వేళాకోళం పోయింది. ముసలాయన కళ్లలో దీపం వేసి చూశాడు. వేళ్లు నొక్కాడు. అప్పుడు అడిగాడు, "పెద్దాయనా, మా ట్రావొరేల వంశం చెప్పగలరా?"

లాన్‌ఫియా ఎత్తుకున్నాడు. ఆపలేదు. ట్రావొరేలయ్యాక కమరాలు. కమరాలయ్యాక కొండేల మూడిళ్లు, మనవళ్లు మునిమనవళ్లతో సహా. గది బయట రోగులు తలుపు దగ్గరకొచ్చి వింటున్నారు. డాక్టరే చెయ్యెత్తి ఆపాడు.

సాయోన్‌ను వరండాలోకి పిలిచాడు.

"ఇది జబ్బు పని కాదమ్మా. వరదొస్తే గాదె మొత్తం తడుస్తుంది. ఏరి ఏరి ఒక్క ఇంటి గింజలు పట్టుకుపోదు."

"మరెలా పోయింది?"

"మనం అనుకుంటాం, జ్ఞాపకమంటే కుండలో పోసి మూతపెట్టిన ధాన్యమని. కాదు. అది పొయ్యి మీది కూర. తలచుకున్నప్పుడల్లా మళ్లీ వండుకోవాల్సిందే. వండేటప్పుడు పక్కన ఎవరు నిలబడ్డారు, ఉప్పు ఎవరు వేశారు, అదంతా అందులో కలుస్తుంది. తర్వాత మనకు గుర్తుండేది ఆ కొత్త కూరే. పక్షవాతం నుంచి లేచినవాడి మెదడైతే మరీ పచ్చిమట్టి. ఎవరి వేలు తగిలితే వాళ్ల గుర్తు పడుతుంది." ఆయన చేతులు కడుక్కుంటూ తలెత్తాడు. "లేచి కూర్చున్నాక పేర్లన్నీ ఎవరితో కూర్చుని చెప్పుకునేవారు?"

"మా తమ్ముడితో. బాంజాన్. రోజూ పొద్దున్నే చాప వేసి కూర్చోబెట్టేవాడు. వాడే లేకపోతే నాన్నకి మాటే వచ్చేది కాదు." గర్వంగానే చెప్పింది.

డాక్టరు కుళాయి కట్టేశాడు. తడిచేతులతోనే తలుపు సందులోంచి ముసలాయనకేసి చూశాడు.

"ఆయన బాలా వాయిస్తారు కదూ? నోటి జ్ఞాపకం ఒకచోట ఉంటుంది, చేతి జ్ఞాపకం ఇంకోచోట. ఈసారి చేతుల్ని అడిగి చూడండి."

* * *

బాలా వానల్లోనే మూలపడింది. బుధవారం సాయోన్ దాన్ని నీడలోకి ఈడ్చుకొచ్చింది. చెక్కపలకలు బాగానే ఉన్నాయి. వాటి కింద వేలాడే సొరబుర్రలకున్న కన్నాల మీది పొరలు చినిగిపోయాయి. ఆ పొర లేకపోతే బాలాకి గొంతు ఉండదు, ఉత్త చెక్క చప్పుడే. వంటింటి గోడలకు సాలీళ్లు గుడ్లు దాచుకునే తెల్లటి పొరలు గోటితో జాగ్రత్తగా ఒలిచింది. కన్నం అంచున చెట్టుపాలు రాసి, పొర పరిచి, ఊదింది. జుమ్మంది. ఇంకోటి. మళ్లీ ఇంకోటి. తండ్రి గడప మీద కూర్చుని ఆ జుమ్ములు వింటూ వేళ్లు ఆడిస్తున్నాడు.

బాంజాన్ ఊళ్లో లేడు. కొత్త బాలాకి కట్టె కొట్టుకురావడానికి అడవికి పోయాడు.

"కొండేల పాట వాయించు నాన్నా."

కుడిచెయ్యి మొదట మొరాయించింది. తర్వాత దారి దొరికింది. ఎడమచెయ్యి నడకపాట పట్టుకుంది, కుడిచెయ్యి పేర్ల మీదికి ఎక్కింది. బాలా మీద ప్రతి పేరుకీ ఒక దెబ్బ ఉంటుంది. పేరెంత పొడుగో దెబ్బంత పొడుగు. సాయోన్ ఎదురుగా, తమ్ముడు కూర్చునే చోట కూర్చుంది.

"సోనా మమాదీ" అన్నాడు. చెయ్యీ అదే అంది.

"నాము" అంది సాయోన్.

"కనిబా సోరీ."

"నాము."

"సరతా ఫోదే."

"నాము."

నోరు మూసుకుంది. చెయ్యి ఆగలేదు. పలకల మీద పై నుంచి కిందికి దిగి, మళ్లీ ఒక్క మెట్టెక్కి, నిండుగా ఒక పేరు కొట్టింది.

ముసలాయన ఉలిక్కిపడి తన చేతికేసి చూసుకున్నాడు, వేరేవాళ్ల చెయ్యేదో తన ఒళ్లో పడ్డట్టు.

"ఇక్కడ ఇది ఆగడం లేదేంటే?"

"మళ్లీ వాయించు నాన్నా."

మళ్లీ అదే. మూడు పేర్లకు నోరూ చెయ్యీ. నాలుగోదానికి చెయ్యి ఒక్కటే. ఈసారి సాయోన్ చేతిని చూడలేదు, మొహాన్ని చూసింది. నాలుగో దెబ్బ పడగానే ఆయన పెదాలు లోపలికి బిగుసుకున్నాయి. కళ్లు ఎదురు చాపకేసి లేచాయి. ఆమె మొహంకేసి కాదు, అంతకంటే కొంచెం పైకి, బాంజాన్ కూర్చుంటే అతని మొహం ఉండే ఎత్తుకి. చేసిన తప్పు బయటపడిన పిల్లాడిలా చూస్తున్నాడు.

"ఎవరికోసం చూస్తున్నావు నాన్నా?"

"వాడు అక్కడ అనడు."

"ఏమనడు?"

"నాము అనడు. అక్కడేదో చెప్పేవాణ్ని ముందు. తప్పుది. తప్పు చెబితే వాడు అనడు." ఆయన కర్రపుల్లలు పక్కన పెట్టేశాడు. "మంచివాడు. ఒక్కనాడూ నన్ను మాట అనలేదు. ఊరుకునేవాడు, అంతే."

సాయోన్ లేచి, ఆ కర్రపుల్లలు మళ్లీ ఆయన చేతుల్లో పెట్టి, ఆ దెబ్బ పడేచోట తనే గొంతు కలిపింది. "మాన్యాన్ బ్రేమా. నాము. మాన్యాన్ బ్రేమా. నాము."

ఎంతసేపటికో ముసలాయన పెదాలు దాన్ని పట్టుకున్నాయి. "మాన్యాన్... బ్రేమా. అవునే. ఏరు దాటినవాడు. బ్రేమా!" కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "వీడు ఎక్కడికి పోయాడే ఇన్నాళ్లూ?"

"అతని కొడుకు నాన్నా? బ్రేమా కొడుకు?"

చెయ్యి టకటకా కొట్టింది. నోరు తెరుచుకుంది. ఏమీ రాలేదు. చెయ్యి ముందుకు పోతూనే ఉంది, కొడుకు, అతని కొడుకు, మళ్లీ అతని కొడుకు. నోరు అలాగే తెరిచి ఉంది. బాలా జుమ్మంటూ ఒక ఇంటి మొత్తాన్ని వరసగా పలికింది, ఒక్కరి పేరూ తెలియలేదు.

ఆ పేర్లు సాయోన్ కూడా చిన్నప్పుడు జొన్నలు దంచుతూ గోడవతల నుంచి వినేది. కానీ వరస చెప్పడం మగవాళ్ల పని. ఆడవాళ్లు పెద్దవాళ్ల పేర్లే పాటలో కట్టి పాడతారు. అందుకే చెవి ఒగ్గి వినలేదు. ఇప్పుడెంత తవ్వుకున్నా రోకలి చప్పుడే వస్తోంది.

సాయంత్రం మోరిబా వచ్చాడు. విని, ద్వారబంధానికి ఆనుకుని కూర్చుండిపోయాడు.

"బ్రేమా ఒక్కడు దొరికితే చాలదు సాయోన్. కరామో ఏమంటాడో నేను చెప్పనా? ఉండేవాడు పాపం, పిల్లల్లేకుండా పోయాడంటాడు. నేను మా తాత పేరు దాకా చెప్పగలను, అదీ పందిట్లో చెల్లదు. బ్రేమా దగ్గర్నుంచి మా తాత దాకా నిచ్చెన కావాలి. ఒక్క మెట్టు లేకపోయినా మేం కిందే."

"బాంజాన్‌కి తెలుసు. వాడు పుట్టినప్పట్నుంచి ఆ చాప మీదే కూర్చున్నాడు. ప్రతి మెట్టుకీ నాము అన్నాడు."

"అన్నవాడు చెబుతాడా?"

"నా తల్లి కడుపులో పుట్టినవాడు" అంది సాయోన్. "చెబుతాడు."

* * *

గురువారం బాంజాన్ ఊరి వెనక గుంట దగ్గర దొరికాడు. గుంటలో సన్నటి సెగ పెట్టి, పైన అడ్డకర్రల మీద పచ్చి పలకలు పేర్చాడు. బాలా పలక పొగలో ఎండాలి. ఎండలో పెడితే పగులుతుంది. ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టాడు. నచ్చలేదు. ఒళ్లో పెట్టుకుని బాడిసెతో దాని అడుగువైపు చెక్కడం మొదలుపెట్టాడు.

సాయోన్ ఎదురుగా చతికిలబడి, పొగ కమ్మిన పలకలు తిప్పి పెట్టసాగింది.

"కళ్లు మండుతాయక్కా. వెళ్లు ఇక్కణ్నుంచి."

"మండనీ. నాన్న నిన్న బాలా వాయించాడు."

బాడిసె ఆగింది. మళ్లీ నడిచింది.

"చెయ్యి బాగుందా?"

"చెయ్యి చాలా బాగుంది. నోటి కంటే బాగుంది. నోటికి కాపలా పెట్టినవాడు చేతికి పెట్టడం మరిచిపోయాడు."

పేళ్లు ఒక్కొక్కటే రాలుతున్నాయి.

"నిన్ను పందిట్లో బయటపెట్టను" అంది సాయోన్. "అమ్మ మీద ఒట్టు. జబ్బు మింగిందనే అందరూ అనుకోనీ. రేపు నాన్న పక్కన కూర్చో. బ్రేమా పేరు ఆయన చెబుతాడు. అక్కణ్నుంచి నువ్వు అందుకో, మోరిబా తాత దాకా. నేను నాము అంటాను. కరామో మొహం చూడకు, నన్ను చూడు."

తమ్ముడు బాడిసె పక్కన పెట్టాడు. మోకాళ్ల మీది పొట్టు దులుపుకున్నాడు. మాట్లాడినప్పుడు గొంతు చాలా మామూలుగా ఉంది.

"కరామో నన్ను బెదిరించలేదక్కా. నాన్న మంచాన ఉన్నప్పుడు ఒకసారి ఇక్కడికే వచ్చాడు. ముసలాడి తర్వాత పందిట్లో వంశం చెప్పే మాటల కర్ర ఎవరు పట్టుకుంటారురా అన్నాడు. నేనే అన్నాను. నవ్వాడు. నువ్వా? నీ గొంతులో నాము తప్ప ఇంకేముందిరా, మూడిళ్లవాళ్లం కలిసి సరేనంటే చూద్దాంలే అన్నాడు. మూడిళ్లు అన్నాడు. నాలుగో ఇంటి ఊసెత్తలేదు. నాకు అర్థమైంది. జుట్టు నెరిసినా నేను ఎదురు చాప మీదే ఉన్నాను కదా. ఊళ్లో పిల్లలు కూడా నన్ను నాము అనే పిలుస్తారు, నీకు తెలీదేమో.

"నేను అబద్ధం చెప్పలేదు. ఒక్కటంటే ఒక్కటి చెప్పలేదు. నాన్న కొత్తగా లేచి కూర్చున్నప్పుడు పేర్లకోసం తడుముకునేవాడు. ఒకటి చెప్పి నా మొహంలోకి చూసేవాడు, అవునా అని. నాము అంటే మొహం విచ్చుకునేది. బ్రేమా పేరు వచ్చినప్పుడు నేను ఊరుకున్నాను. అంతే చేసింది. మళ్లీ చెప్పాడు. మళ్లీ ఊరుకున్నాను. చెమటలు పట్టాయి ఆయనకి. దాటేసి, ఈ ముగ్గురి బిడ్డలే అన్నాడు. అప్పుడన్నాను నాము అని. ఎంత ప్రేమగా అన్నానో! ఎంత మురిసిపోయాడో! రోజూ అదే. కొన్నాళ్లకి అక్కడ గొంతు సన్నబడింది. తర్వాత పెదాలు మాత్రం కదిలేవి. తర్వాత అదీ లేదు. అది పోయిన రోజు నేను అన్నం తినలేకపోయాను. నువ్వే అడిగావు, ఒంట్లో బాలేదా అని.

"నాకొక ధైర్యం ఉండేదక్కా. నాన్న నోట్లోంచే తీస్తున్నాను, లోకంలోంచి కాదు, అన్నీ నాలో ఉన్నాయిలే అనుకున్నాను. కర్ర నా చేతికొచ్చాక నేనే తిరిగి కూర్చోబెడతాను, నాలుగిళ్లనీ, అప్పుడు కరామో ఏం చేస్తాడు అనుకున్నాను. సోమవారం మోరిబా లేచి నిలబడి, ఆకాశంలోంచి రాలామా అన్నాడే, ఆ మాటే నన్ను తరిమింది. కట్టె కోసం అడవికి పోలేదు నేను. పేర్లు చెప్పుకోవడానికి పోయాను. ఒక్కణ్నే, గట్టిగా.

"నువ్వు ఒట్టు వేయక్కర్లేదు. పందిట్లో నన్ను బయటపెట్టు, నేనే చెబుతాను, ఉమ్మేయమను. కానీ అందుకోమని మాత్రం అడక్కు. బ్రేమా కొడుకు అనగానే సోనా మమాదీ కొడుకు వచ్చి నిలబడుతున్నాడు. అతన్ని తోసేస్తే కనిబా సోరీ కొడుకు. నేను రోజూ పిలిచినవాళ్లే, ఎంత తోసినా కదలరు. వాళ్ల వెనక ఎవరో ఉన్నారు, తలలు కనిపిస్తున్నాయి, మొహాలు కనిపించడం లేదు. నాన్న నోట్లోంచి తీసేటప్పుడు ఎదురుగా కూర్చున్నది నేనే కదా. నాలోంచి కూడా పోతున్నాయని నాకెవరు చెబుతారు? రెండు రోజులు అరిచానక్కా అడవిలో. నేనన్న నాములన్నీ వినిపిస్తున్నాయి, ఒక్కొక్కటీ, వరసగా. దేనికన్నానో అదే వినిపించడం లేదు."